షుగరున్న కళ్ళకు కార్నియా పరీక్ష: విజయవాడలోని ఒక కంటి క్లినిక్ సేవపై సమీక్ష

మధుమేహ రోగికి కంటి పరీక్ష అనగానే చాలాచోట్ల కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి, కంటి వెనుక పొర అయిన రెటీనాను చూసి, మళ్ళీ ఏడాదికి రమ్మని పంపేస్తారు. కంటిలో అన్నిటికంటే ముందుండే పారదర్శకమైన పొర, కార్నియాను ప్రత్యేకంగా పట్టించుకునేవారు తక్కువ. మా నాన్నగారిని తీసుకువెళ్ళిన క్లినిక్‌లో షుగరు రోగుల ప్యాకేజీలోనే కార్నియా పరీక్షను చేర్చారు. ఆ ఒక్క కారణంతోనే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

నాన్నగారికి చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. కళ్ళు తరచూ ఎర్రబడతాయి గానీ నొప్పి ఉండదు. అక్కడి కార్నియా వైద్యురాలు ముందుగా ఆ నొప్పి లేకపోవడం గురించే అడిగారు. కాస్త దూది తీసుకుని, కొసను సన్నని పోగులా మెలిపెట్టి, పక్కనుంచి తెచ్చి కార్నియాకు తాకించారు. ఎడమ రెప్ప వెంటనే పడింది. కుడి రెప్ప మాత్రం దూది తగిలాక కూడా కాసేపు కదలలేదు. శరీరంలో నరాలు అత్యంత దట్టంగా ఉండే భాగాలలో కార్నియా ఒకటి. పాదాలలో స్పర్శ తగ్గించే మధుమేహమే ఈ సన్నని నరాలనూ దెబ్బతీస్తుంది. అప్పుడు రెప్పపాట్లు, కన్నీరు తగ్గి పైపొర ఎండిపోతుంది; నలుసు పడినా తెలియదు; పైపొరను కింది పొరకు పట్టి ఉంచే బంధం కూడా బలహీనపడడం వలన చిన్న గీత సైతం త్వరగా మానదు, ఈలోగా సూక్ష్మజీవులు చేరితే పుండు పడి చూపుకే ముప్పు వస్తుంది. ఇదంతా ఆమె తొందరపడకుండా, నాన్నగారికి అర్థమయ్యే మాటలలో చెప్పారు.

తరువాత కింది రెప్ప అంచున కాగితపు పట్టీని మడిచి పెట్టి, అయిదు నిమిషాలలో అది ఎంతవరకు తడిసిందో కొలిచారు. పసుపు రంగు మందు అంటించి నీలి కాంతిలో చూసినప్పుడు, కుడి కార్నియా కింది భాగంలో ఆకుపచ్చని చుక్కలు కనిపించాయి, అంటే అక్కడ పైపొర దెబ్బతిందన్నమాట. నాన్నగారికి శుక్లం ఆపరేషను చేయవలసి ఉన్నందున, కార్నియా లోపలి పొరలోని కణాలను కూడా లెక్కించారు. ఆ కణాలు పోతే మళ్ళీ పుట్టవు. షుగరు రోగులలో ఆపరేషను తరువాత కార్నియా వాపు తగ్గడానికి ఎక్కువ కాలం పట్టవచ్చు. ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేని కృత్రిమ కన్నీటి చుక్కలు రాసిచ్చారు. ఇవి మామూలు వాటికంటే ఖరీదైనవే గానీ, రోజూ పలుమార్లు వేసుకోవలసినప్పుడు ప్రిజర్వేటివ్ వలన పైపొర మరింత దెబ్బతినవచ్చు కనుక ఆ ఖర్చు సమంజసమే.

లోపాలు లేకపోలేదు. వైద్యురాలిని కలవకముందే, కంటి ఒత్తిడి కొలిచే గదిలో మొద్దుబార్చే చుక్క వేయబోయారు. అది వేశాక స్పర్శ పరీక్షకు అర్థమే ఉండదు. ప్యాకేజీ కాగితం చూపించి అడిగితే ఆగారు, అడగనివారి సంగతేమిటో! రిపోర్టులో రెటీనాకు ఒక పేజీ నిండా వివరాలు ఉండగా, కార్నియా గురించి చేతిరాతతో ఒక్క వాక్యమే ఉంది, అదీ అందరూ చదవగలిగేది కాదు.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. శుక్లం ఆపరేషనుకు తేదీ ఖాయం చేసుకోబోయే షుగరు రోగులు అంతకుముందే ఇక్కడికి వెళ్ళవచ్చు. రెటీనా పరీక్షకు వేసే చుక్కల వలన కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక వెంట ఒకరు ఉండాలి. స్పర్శ పరీక్షను అన్నిటికంటే ముందు చేయమని కౌంటరులోనే చెప్పాలి.