రూబార్బ్ విత్తనాలు: గింజ మంచిదే, చెప్పాల్సిన మాటే చెప్పలేదు

విజయనగరంలో మా మేడ మీద కుండీల్లో ఆకుకూరలు పెంచుకుంటాను. పోయిన ఏడు సిరిమాను సంబరం అయిన వారంలో ఆన్‌లైన్‌లో రూబార్బ్ విత్తనాలు తెప్పించాను. రూబార్బ్ అంటే పుల్లటి కాడల కోసం పెంచే చలిదేశపు మొక్క. 20 గింజలు, 199 రూపాయలు.

దీని రుచి నాకు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తెలిసింది. అమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పెరట్లో పాత దుబ్బు ఒకటి ఉండేది. చామాకులంత ఆకులు, ఎర్రటి లావు కాడలు. అక్కడివాళ్ళు కాడల్ని పంచదార వేసి ఉడికించుకుంటారు. నేను ముక్కలు చేసి కందిపప్పులో వేశాను. పుల్లమామిడికీ చుక్కకూరకీ మధ్య పులుపు, అల్లుడు మారు వడ్డించుకున్నాడు. తీసే పద్ధతీ అక్కడే నేర్చుకున్నాను. కత్తి పెట్టకూడదు. కాడను మొదట్లో పట్టుకుని కాస్త మెలితిప్పి లాగితే అడుగుతో సహా ఊడి వస్తుంది. కత్తితో కోస్తే మిగిలిన మోడు కుళ్ళుతుంది. సగం కాడలైనా మొక్కకు వదలాలి, పూకాడ కనిపిస్తే తీసెయ్యాలి.

ఇక ఈ ప్యాకెట్. గింజలు గోధుమరంగులో, పల్చటి రెక్కలతో ఉన్నాయి. రాత్రంతా నానబెట్టి, ఎర్రమట్టిలో మాగిన గెత్తం సగానికి సగం కలిపి విత్తాను. 14 మొలిచాయి. ఆ మాటకొస్తే గింజకు వంక పెట్టలేను. సంక్రాంతికి ఆకులు అరచేయి దాటాయి, కాడ మొదట్లో ఎరుపు తిరిగింది.

అప్పుడు జరిగింది చెప్పాలి. పక్కింటి అప్ప వడియాలు ఎండబెట్టుకోడానికి మా మేడెక్కింది. నేను కిందనుంచి వచ్చేసరికి చెంగులో ఏడెనిమిది ఆకులున్నాయి. "చుక్కకూర ఇంత బాగా ఏపుకొచ్చిందేటమ్మా! పప్పులో ఏసుకుందారని కోసినాను" అంది. గుండె ఝల్లుమంది. రూబార్బ్ ఆకు విషం. అందులో ఆక్సాలిక్ ఆమ్లం మెండు, వాంతులవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్ప తప్పేమీ లేదు. చుక్కకూరదీ దీనిదీ ఒకే కుటుంబం. పైగా మనం ఆకు వండుకుని ముదురు కాడ పారేస్తాం, దీనికి సరిగ్గా తిరగేసి చెయ్యాలి. ఆ ముక్క ప్యాకెట్ మీద ఎక్కడా లేదు. అమ్మేవాళ్ళ పేజీలో దీన్ని పెట్టింది ఆకుకూరల వరసలో! రాస్తే డబ్బులు వాపసిస్తామన్నారు. నాకు డబ్బులు అక్కర్లేదు, ఆ ఒక్క హెచ్చరిక అచ్చు వెయ్యమన్నాను. ఈరోజు చూసినా పేజీ అలాగే ఉంది.

"అన్ని వాతావరణాలకూ అనువైనది" అని అమ్మేవాళ్ళు అన్నదీ నిజం కాదు. ఇది చలిదేశపు మొక్క. శీతాకాలంలో ఆకు రాల్చి, దుంప 5 డిగ్రీల దిగువ చలిలో కొన్ని వారాలు నిద్రపోతేనే మరుసటి ఏడు లావు కాడలు తోస్తుంది. మనకి పుష్యమాసంలో కూడా అంత చలెక్కడిది? ఫాల్గుణంలో ఆకులు మధ్యాహ్నానికే వాలిపోయాయి. పచ్చ వల కట్టాను, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. ఉగాది దాటేసరికి దుంపలు మెత్తబడి ఒక్కొక్కటే కుళ్ళాయి.

మొదటి ఏడు కాడ తియ్యకూడదంటారు. అది ఏళ్ళ తరబడి బతికే చోట మాట. వేసవికి ఉండవని తెలిసి మాఘంలోనే చిటికెనవేలంత కాడలు తీశాను. ఒక్కపూట పప్పుకి సరిపోయాయి. పులుపు లీడ్స్‌లో తిన్నదే, కండే లేదు.

మొలకకు నాలుగు చుక్కలు, సమాచారానికి ఒకటి. కొనేవాళ్ళు దసరాకి ముందే విత్తండి, మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టండి, మాఘం లోపల తీసుకోండి. ఏటేటా కాసే దుబ్బు కావాలంటే మన మైదానంలో ఆశ పెట్టుకోవద్దు. ఈసారి రూబార్బ్ కుండీకి "ఆకు తినకూడదు" అని పెద్ద అక్షరాలతో రేకు కట్టాను. అప్పకి చుక్కకూర వేరే కుండీలో వేసి ఇచ్చాను.