నడకా, చేతి పెడళ్లా? కాలి ధమనులు పూడినవారికి ఏది మేలు

నాలుగడుగులు వేయగానే పిక్కలు పట్టేసేవారికి వైద్యులు మొదట సూచించేది నడకే: నొప్పి ఓ మోస్తరుగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవడం, విరామాలతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి 3 సార్లు, కనీసం 12 వారాలు. విశాఖలో బీచ్ రోడ్డు ఇందుకు అనువైనదే. ఎత్తుపల్లాల వీధుల్లో మాత్రం నొప్పి త్వరగా మొదలవుతుంది.

చేతులతో తిప్పే పెడళ్ల యంత్రం పిక్కలకు శ్రమ కలిగించదు. అయినా గుండె, ఊపిరితిత్తుల సత్తువ పెరిగి, నొప్పి లేకుండా నడవగల దూరమూ పెరుగుతుందని పరిశోధనల్లో తేలడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. పాదంపై పుండు ఉన్నవారికి, మోకాళ్లు అరిగినవారికి నేను దీనికే మొగ్గుతాను. అయితే చేతుల శ్రమతో రక్తపోటు ఎక్కువగా పెరుగుతుంది కనుక, గుండె జబ్బున్నవారు వైద్యుని అడగకుండా దీన్ని మొదలుపెట్టరాదు.