విరాళాల ఉత్తరాలకి కాపీరైటర్‌ని పెట్టుకున్నాం, మూడేళ్ల తర్వాత నా రివ్యూ

మాది అనంతపురం వైపు చిన్న ట్రస్ట్, పది పాసయ్యాక చదువు ఆగిపోయే ఆడపిల్లలకి హాస్టల్ ఖర్చు, పుస్తకాలు చూస్తాం. డోనర్లకి ఏటా జూన్‌లో, మార్చిలో ఉత్తరాలు పంపుతాం, మూడేళ్ల నుంచి అవి ఒక ఫ్రీలాన్స్ కాపీరైటర్ రాస్తున్నారు. పెట్టుకోవచ్చా అని అడిగితే పెట్టుకోండి అనే చెప్తా, కానీ అందరినీ కాదు.

ఈవిడలో నాకు బాగా నచ్చింది, రాయడానికి ముందు ఊళ్ళోకి వచ్చి కూర్చోవడం. అంతకుముందు మా ఉత్తరం "మా సంస్థ విద్యారంగంలో విశేష సేవలు అందిస్తోంది" అని మొదలయ్యేది. ఆవిడ అది తీసేసి "పదిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన పిల్ల, ఇంటర్ క్లాసులు మొదలైనా ఇంకా శెనక్కాయ చేలో కలుపుకి పోతోంది" అని పెట్టారు, కింద ఆ పిల్లకి ఏడాదికి ఎంత కావాలో, అందులో మీరు ఎంత ఇస్తే ఏ ఖర్చు తీరుతుందో అంకెలు వేసి రాశారు. పేరు మార్చారు, ఫొటో వద్దన్నారు. ఆ ఉత్తరం చదివి ఒక రిటైర్డ్ టీచర్ ఫోన్ చేసి ఆ అమ్మాయి కాలేజీలో చేరిందా లేదా అని అడిగారు, అంతకుముందు మాకు అలాంటి ఫోన్ ఎప్పుడూ రాలేదు.

మధ్యలో ఒక ఏజెన్సీతో కూడా ట్రై చేశాం. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి దింపినట్టుంది, పైగా "చీకటి బతుకులు", "దిక్కులేని పిల్లలు" అని రాశారు. ఆ పిల్లల తల్లులు కూలికి పోయి పెంచుకుంటున్నారండీ, ఆ కాగితం రేపు వాళ్ల చేతిలోనే పడొచ్చు, అందుకే వద్దని చెప్పేశాం. వచ్చిన విరాళాల్లో పర్సెంటేజ్ కావాలని కూడా అడిగారు, దానికి అస్సలు ఒప్పుకోకండి, పిల్లల కోసం ఇచ్చిన డబ్బులో వాటా ఏంటి? ఈవిడకి ఉత్తరానికి ఇంత అని ఫిక్స్‌డ్ ఫీజే ఇస్తాం, మాకు ఎక్కువే అనిపిస్తుంది, అయినా వర్త్.

పన్నుల విషయం మాత్రం రైటర్ మీద వదిలేయొద్దు. మార్చి ఉత్తరంలో పన్ను ఆదా అని పైనే పెడదాం అన్నారు, మేం కిందకి దింపించాం, ఎందుకంటే 2023-24 నుంచి ఆదాయపన్నులో కొత్త విధానమే డిఫాల్ట్, అందులో ఉన్నవాళ్లకి 80జి, అంటే విరాళాల మీద ఇచ్చే పన్ను మినహాయింపు, రాదు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా 2000 దాటిన నగదుకి రాదు, అందుకే యూపీఐ క్యూఆర్ వేశాం. ఇంకోటి, మన పాస్‌పోర్టే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, అదే అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కిందకి వస్తుంది, మాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఈ ముక్క ప్రతి ఉత్తరంలో స్పష్టంగా రాయిస్తాం. ప్రింటుకి పోయేముందు మా ఆడిటర్ గారు ఒకసారి చదువుతారు.

విరాళం అందాక పంపే థాంక్యూ ఉత్తరం కూడా అదే ఫీజులో రాసేలా ముందే మాట్లాడుకోండి, తర్వాత అడిగితే దానికి వేరే రేటు చెప్తారు.