విట్టెన్‌లో నాఖ్టిగాల్ బొగ్గు గని మ్యూజియం: మార్కులు వేసింది మా నాన్న

మేముండేది జర్మనీలో, డార్ట్‌మండ్‌లో. ఒకప్పుడు బొగ్గు గనులకు పేరుపడ్డ ఈ రూర్ ప్రాంతానికి చుట్టాలెవరొచ్చినా ముందు ఎస్సెన్‌లోని త్సోల్‌ఫెరైన్ గనికే తీసుకెళ్తాం. యునెస్కో గుర్తింపు ఉంది, ఫొటోలు బాగా వస్తాయి. మా నాన్నకు మాత్రం అది ఆనలేదు. ఆయన కొత్తగూడెంలో సింగరేణి టింబర్‌మన్‌గా, అంటే గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిలో, రిటైరయ్యారు. "బాయి దిగకుండా బాయి చూసుడేంది?" అన్నారు (గనిని ఆయన బాయి అనే అంటారు). దాంతో విట్టెన్ దగ్గర రూర్ నది ఒడ్డునే ఉన్న నాఖ్టిగాల్‌కు తీసుకెళ్లాను. పాత గని. 1892లోనే మూతపడింది. 2003 నుంచి మ్యూజియంగా నడుస్తోంది.

ఇక్కడ సొరంగంలోకి సొంతంగా వెళ్లనివ్వరు, గైడుతోనే వెళ్లాలి. హెల్మెట్ ఇస్తారు. ఎండాకాలమైనా లోపల చలే, స్వెటర్ మర్చిపోవద్దు. దారి ఇరుకు, అక్కడక్కడా వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకుని వెళ్లండి. మా నాన్నకూ ఉన్నాయి కానీ ఆ రోజు వాటి ఊసే ఎత్తలేదు.

గైడు జర్మన్‌లో చెబుతుంటే నేను తెలుగులో చెబుతూ వచ్చాను. కాసేపటికి ఆ అవసరమూ తగ్గింది. నాన్న వేళ్ల కణుపులతో పైకప్పు మీద తట్టి చెవి పెట్టారు. గట్టిగా మోగితే రాయి నిలిచి ఉన్నట్టు, డొల్లగా మోగితే ఊడేలా ఉన్నట్టు. మన దగ్గర కర్రతో కొట్టి చూస్తారు. గైడు మాటలాపి నవ్వాడు, తనూ ఒకసారి తట్టాడు. దుంగల దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. నాన్న నిలువు దుంగకూ కప్పుకూ మధ్య దిగ్గొట్టిన చెక్క చీలను చూపించి, "ఇది సక్కగనే బిగించిన్రు" అన్నారు. నేను తర్జుమా చేయకముందే గైడు తలూపాడు.

నిజమైన బొగ్గు పొర కనిపించే చోటుకు వచ్చాక నాన్న మొహం మారింది. కొత్తగూడెంలో కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అనే మందపాటి బొగ్గు పొరల్ని చూసిన కళ్లకు ఇది మరీ పలచన. ఇంత సందులో మనిషి పక్కకు ఒరిగి పడుకుని బొగ్గు కొట్టాలి. "మేమన్నా నయం, నిలబడి తట్టా చెమ్మాస్ (బొగ్గు ఎత్తే పార) పట్టినం" అన్నారు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఈ గని పేరు 1714 నాటికే రికార్డుల్లో ఉంది. రూర్ దక్షిణపు అంచున బొగ్గు పొరలు నేల మీదికే వచ్చి ఉంటాయి. ఉత్తరానికి పోయేకొద్దీ లోతుకు దిగిపోతాయి. అందుకే ఇక్కడివాళ్లు మొదట్లో కొండ పక్కనుంచి లోపలికి తవ్వుకుంటూ పోయారు. సొరంగాన్ని లోపలికి పోయేకొద్దీ కొంచెం ఎత్తుగా తవ్వితే నీళ్లు వాటంతటవే బయటికి పారతాయి. మన సింగరేణి ఇంక్లైన్ (ఏటవాలు సొరంగం) కిందికి దిగుతుంది కాబట్టి నీళ్లను ఎత్తిపోయక తప్పదు. ఈ తేడా నాన్నకు భలే నచ్చింది. లోయకు పైనున్న బొగ్గు తరిగిపోయాక 1832లో నెప్ట్యూన్ అనే షాఫ్టు (బావిలా నిలువుగా దిగే దారి) తవ్వడం మొదలుపెట్టారు. రూర్‌లో ఆవిరి యంత్రం సాయంతో లోతుకు దిగిన తొలి గనుల్లో ఇదొకటి. బొగ్గు పడవల్లో నది మీద పోయేది. 1780 నాటికే నదిని పడవలు తిరిగేలా చేశారు. ఎదురు ప్రవాహంలో పడవల్ని గుర్రాలు ఒడ్డు వెంట లాగేవి. కానీ ఆ నది పక్కనే లోతుకు తవ్వడమంటే నీళ్లతో యుద్ధమే. ఖర్చు తట్టుకోలేక చివరికి మూసేశారు.

సంవత్సరాలు లెక్కేస్తే ఒకటి తట్టింది. ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. మన కథ మొదలైన మూడేళ్లకే నాఖ్టిగాల్ కథ అయిపోయింది. 2018 డిసెంబరులో బొట్రొప్‌లోని ప్రోస్పర్ హానియెల్ గని మూతపడటంతో జర్మనీలో రాతి బొగ్గు (హార్డ్ కోల్) తవ్వకమే ఆగిపోయింది. గనులు మూసినా పంపులు మాత్రం ఆపలేరు. ఆపితే నీళ్లు పైకొచ్చేస్తాయి, అందుకు శాశ్వతంగా డబ్బు కేటాయించారు. అది విని నాన్న, "జీతం ఇచ్చుడు బందైనా నీళ్లు తోడుడు బందు కాదన్నమాట" అన్నారు.

గని మూతపడ్డాక ఇక్కడ ఇటుకల ఫ్యాక్టరీ పెట్టారు. అది 1963 దాకా నడిచింది. గుండ్రటి బట్టీలో ఇటుకలు కదలవు, మంటే గది నుంచి గదికి తిరుగుతుంది. నాకు ఆసక్తిగా అనిపించింది. నాన్నకు ఆవలింత వచ్చింది. నా మాట అడిగితే, మ్యూజియంలో ఇటుకలకు ఇచ్చిన చోటులో కొంత కార్మికుల ఇళ్లకూ వంటకూ పిల్లలకూ ఇవ్వాల్సింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొగ్గు కరువులో పుట్టుకొచ్చిన చిన్న గనుల విభాగం మాత్రం వదలొద్దు. ఓ చెక్క గోపురం, తాడుతో పైకి లాగే ఓ వించి, గుప్పెడు మంది మనుషులు, అదీ అప్పటి గని. ఇక్కడికి దగ్గర్లోని ఎగ్‌బెర్ట్ అనే అలాంటి గని 1976 దాకా నడిచింది.

టైముంటే వెనకనున్న ముట్టెన్‌టాల్ లోయలో నడవండి. 1830లో కట్టిన కార్మికుల ప్రార్థన ఇల్లు అక్కడే ఉంది. షిఫ్టుకు ముందు అందరూ చేరి ప్రార్థన చేసేవాళ్లు, పేర్లు పిలిచి హాజరు వేసేవాళ్లు. కిందే పనిముట్లు సరిచేసే కొలిమి. "మస్టర్ ఆఫీసు, గుడి, వర్క్‌షాప్ అన్నీ ఒక్కటే కట్టిన్రు" అని నాన్న నవ్వారు.

సోమవారం సెలవు. సొరంగం టూరు ముందే బుక్ చేసుకుంటే మంచిది. జర్మన్ రానివాళ్లు తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. చిన్న పిల్లలకు సొరంగం కన్నా పక్కనున్న థెరెసియా అనే పాత గని దగ్గరి బుల్లి గని రైలు ఎక్కువ నచ్చుతుంది. నేను 5కి 4 ఇస్తున్నాను. నాన్న అయిదూ ఇచ్చారు, కారణం అడిగితే "కప్పు మంచిగుంది" అన్నారు.