మొదటి రియర్ వీల్ డ్రైవ్ కారు: పాత మియాటానా, టయోటా 86నా?

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ ట్రాక్ మీద డ్రైవింగ్ నేర్చుకోవాలనుకునే మనవాళ్లకు తొలి రియర్ వీల్ డ్రైవ్ కారుగా, అంటే ఇంజన్ శక్తి వెనక చక్రాలకు వెళ్లే కారుగా, ఏది కొనాలన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న.

1989లో వచ్చిన తొలి తరం మజ్దా మియాటా బరువు టన్ను లోపే. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. పవర్ తక్కువ కాబట్టి మలుపులో చేసిన తప్పు మెల్లగా బయటపడుతుంది. వెనక చక్రాలు జారబోతుంటే ముందు నడుముకు తెలుస్తుంది, తర్వాతే కళ్లకు. అప్పుడు కంగారుపడి యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీసేశారా, బరువంతా ముందుకు వెళ్లి వెనక భాగం ఇంకా తిరిగిపోతుంది. కారు జారుతుంటే తనంతట తానే అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, అంటే స్టెబిలిటీ కంట్రోల్, ఇందులో లేదు, కాబట్టి సర్దుకోవాల్సింది మీరే.

2012లో వచ్చిన టయోటా 86ను అమెరికాలో మొదట, టయోటాకే చెందిన సయాన్ బ్రాండ్ కింద ఎఫ్‌ఆర్-ఎస్ పేరుతో అమ్మారు. 2 లీటర్ల బాక్సర్ ఇంజన్ (సిలిండర్లు రెండు పక్కలా అడ్డంగా పడుకుని ఉండేది), 200 హార్స్‌పవర్. స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, చెయ్యి తిరిగిన కొద్దీ తగ్గించుకోవచ్చు. వెనక సీట్లు మనుషులకు కాదు గానీ, మడిస్తే నాలుగు టైర్లు పడతాయి.

రోజూ ఆఫీసుకూ అదే కారైతే 86 తీసుకోండి. ఇంట్లో ఇంకో కారుంటే మాత్రం నా ఓటు మియాటాకే. కొనే ముందు వంగి, డోర్ల కింద తుప్పు ఉందేమో చూడండి.