క్యూర్ చేసిన లైవ్ రాక్ అని కుళ్ళిన రాళ్ళు పంపాడు, కొనేముందు ఇది చదవండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఊదారంగు కోరలైన్ ఆల్గే అనే నాచు పట్టిన రాళ్ళ ఫొటోలు పెట్టి ఆన్‌లైన్‌లో లైవ్ రాక్ (సముద్రం నుంచి తీసిన, మీద జీవులు, ట్యాంక్ నీళ్ళని శుభ్రంగా ఉంచే బ్యాక్టీరియా ఉండే రాయి) అమ్మే ఆయన ఎవరో ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకున్న మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. "పూర్తిగా క్యూర్ చేసింది, నేరుగా ట్యాంక్‌లో వేసుకోవచ్చు" అని పేజీలో ఉంది, అంటే రాయి మీద చచ్చినదంతా ముందే కుళ్ళి పోయి శుభ్రమైందని. ఫోన్ చేసి అడిగినా అదే చెప్పాడు. డబ్బు మొత్తం ముందే తీసుకున్నాడు.

పెట్టె విప్పగానే కుళ్ళిన కోడిగుడ్ల కంపు. రాళ్ళ మీద స్పాంజ్‌లు నల్లబడి, చెయ్యి వేస్తే జిగురుగా ఊడి వస్తున్నాయి. ఫొటోలో కనిపించిన ఊదారంగు చాలాచోట్ల తెల్లగా పాలిపోయింది. చేపలున్న ట్యాంక్ జోలికి పోకుండా వేరే టబ్బులో ఉప్పునీళ్ళు, హీటర్, పంపు పెట్టి వేశాను. మర్నాడు టెస్ట్ చేస్తే టెస్ట్ కిట్ రంగు కార్డులో అమ్మోనియా చివరి గడి దాకా పోయింది.

క్యూర్ చేసిన రాయి అలా ఉండదు. సముద్రం నుంచి తీశాక రాయి మీద చచ్చిపోయిన స్పాంజ్‌లు, పురుగులు, నాచు అంతా వేరే తొట్టిలో కుళ్ళిపోయి, నీళ్ళు మారుస్తూ పోయి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగాక అమ్మాలి. దానికి వారాలు పడుతుంది. మనం ఎక్కువ డబ్బు పెట్టేది ఆ వారాల పనికే. పైగా ఉప్పునీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది, ఆ పీహెచ్‌లో అమ్మోనియా చేపలకి మరింత విషం. ఆయన మాట నమ్మి ఎవరైనా నేరుగా వేసి ఉంటే ట్యాంక్‌లో ఒక్క ప్రాణీ మిగిలేది కాదేమో.

ఇదంతా ఒక ఎత్తు, ఆ తర్వాత ఆయన అన్న మాట ఒక ఎత్తు. ఫొటోలు, టెస్ట్ ఫలితం పంపితే మొదట "సముద్రం వాసన అలాగే ఉంటుంది సార్, మీకు అలవాటు లేదు" అన్నాడు. నేను గట్టిగా అడిగేసరికి, "అంత ఇబ్బందిగా ఉంటే రాళ్ళని మరిగే నీళ్ళలో వేసి తీయండి, కంపు పోతుంది" అన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని చెప్పాను. "ఏం కాదు సార్, అందరూ చేసేదే" అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే నంబర్ బ్లాక్.

డబ్బు పోయినందుకు కాదు నాకింత కోపం. లైవ్ రాక్ మీద జోయాంథిడ్‌లు (పగడాలకి దగ్గరి మెత్తటి జీవులు) అంటుకుని ఉండొచ్చు. వాటిలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలితోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. మరిగించినంత మాత్రాన అది పోదు, ఆవిరితోపాటు గాల్లోకి వస్తుంది. ఇలా రాయి మరిగించి ఇంటిల్లిపాదీ జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆసుపత్రి పాలైన సంఘటనలు నిజంగా జరిగాయి. రాళ్ళు అమ్మి బతికే మనిషికి ఇది తెలియకపోతే ఆ వ్యాపారం చేయకూడదు. తెలిసే చెప్పి ఉంటే ఇక ఆయన్ని ఏమనాలి? నాకు ఈ విషయం ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. కొత్తగా ట్యాంక్ పెట్టి, అమ్మినాయన మాటే వేదం అనుకునే వాళ్ళ సంగతేమిటి?

రాళ్ళు ఇంకా టబ్బులోనే ఉన్నాయి. నీళ్ళు మారుస్తున్నాను, బ్యాక్టీరియా మళ్ళీ పెరుగుతుంది. చచ్చిన స్పాంజ్‌లు, పురుగులు మాత్రం తిరిగి రావు.

ఎవరి దగ్గర కొన్నా సరే, పంపే రోజున ఆ తొట్టి నీళ్ళలోనే అమ్మోనియా టెస్ట్ చేసి వీడియో పంపమనండి. చచ్చిన సరుకు వస్తే డబ్బు వాపసు ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. విదేశం నుంచి వచ్చిన రాయి అంటే సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం అడగండి, లైవ్ రాక్ ఆ ఒప్పందం రెండో అనుబంధం కిందికి వస్తుంది. చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు లేకుండా రాయి ముట్టుకోవద్దు, గట్టిగా రుద్దొద్దు. ఇప్పటికే ఆయన దగ్గర ఆర్డర్ పెట్టినవాళ్ళు వేరే టబ్బు సిద్ధం చేసుకోండి. ఆయన ఏం చెప్పినా రాయిని పొయ్యి మీదికి మాత్రం ఎక్కించకండి.