సంగటా, ఇడ్లీనా, ప్యాకెట్ పిండా? గోధుమ పడనివాళ్లకి ఏది మేలు

తిరుపతిలో నలభై దాటినవాళ్లని ఎవరినైనా రాత్రికి ఏం తింటారని అడగండి, చపాతీ అనే చెబుతారు. షుగర్ అనో బరువు అనో అన్నం మానేసి రెండు చపాతీలకి వచ్చేస్తాం. మా ఇంట్లోనూ అంతే. నాయనకి షుగర్ అని తెలిసిన రోజు నుంచి ఇంటిల్లిపాదీ రాత్రి చపాతీకి మారిపోయాం, ఆ చపాతీయే నాకు పడటం లేదని తెలియడానికి మాత్రం మూడేళ్లు పట్టింది. తిన్న గంటకి కడుపు రాయిలా ఉబ్బేది, తెల్లారితే విరేచనాలు, ఆఫీసులో మధ్యాహ్నానికల్లా తల దిమ్మెక్కిపోయేది. గ్యాస్ మాత్రలు మింగుతూ, పప్పులు మానేసి, కారం మానేసి, ఆఖరికి పాలు కూడా మానేశాను గానీ గోధుమ మీద అనుమానమే రాలేదు.

ఏది తినాలి అనే దాని కంటే ముందు ఒక మాట. గోధుమ మీద అనుమానం వస్తే వెంటనే మానేయకండి, ముందు పరీక్ష చేయించుకోండి. నేను ముందే మానేసి, ఒళ్లు కాస్త తేలికపడ్డాక డాక్టర్ దగ్గరికి వెళ్తే, మళ్లీ ఆరు వారాలు రోజూ గోధుమ తిని రమ్మన్నారు. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. అది ఉంటే రక్తంలో టీటీజీ అనే యాంటీబాడీలు కనిపిస్తాయి, అవసరమైతే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్క తీసి చూస్తారు. గోధుమ మానేసి ఉంటే ఆ యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. ఆ ఆరు వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. చివరికి సీలియాక్ కాదు, గోధుమ అలర్జీ కూడా కాదు అన్నారు. ఆ రెండూ కాకుండా గోధుమ తింటే బాధ, మానేస్తే హాయి ఉంటే దాన్ని గ్లూటెన్ సెన్సిటివిటీ అంటారట. దీనికి విడిగా రక్తపరీక్ష అంటూ లేదు, మానేసి చూడటం, మళ్లీ తిని చూడటం, అంతే. కొంతమందిలో అసలు బాధ గ్లూటెన్‌తో కాదు, గోధుమలో ఉండే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థంతో కూడా కావచ్చట. అది ఉల్లిపాయలో, వెల్లుల్లిలో కూడా ఉంటుంది. అందుకే కొందరికి గోధుమ మానేసినా ఉల్లిపాయ పచ్చడి తింటే మళ్లీ మొదలవుతుంది.

చపాతీ పోయింది సరే, దాని చోట ఏం పెట్టాలి?

మొదట నేను పరిగెత్తింది ప్యాకెట్ దగ్గరికే. గ్లూటెన్ ఫ్రీ పిండి, గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్, బిస్కెట్లు. మామూలు గోధుమ పిండితో పోలిస్తే ధర రెండు మూడు రెట్లు పైనే. ఇంటికి తెచ్చి కలిపితే ముద్ద సాగదు, పీట మీద ఒత్తుతుంటే అంచులు పగిలిపోతాయి, పెనం మీదికి తీసేలోపు రెండు ముక్కలవుతుంది. సాగే గుణం గ్లూటెన్‌దే కాబట్టి అది లేనప్పుడు అలాగే అవుతుంది మరి. సాగడం కోసం వాటిలో జాంథాన్ గమ్ లాంటి బంక కలుపుతారు, మిగతాది చాలావరకు బియ్యప్పిండి, కర్రపెండలం పిండి, బంగాళదుంప పిండి. బ్రెడ్ అయితే పీచు తక్కువ, చాలావాటిలో చక్కెర, నూనె ఎక్కువ. మా అమ్మ పాకాల నుంచి వచ్చి ఆ బిల్లు చూసి, "ఏం పాపా, సంగటి తినే ఇంట్లో పుట్టి ఈ పిండికి ఇంత దుడ్డు పోస్తా ఉండావా" అనింది. నాకు కోపం వచ్చింది గానీ ఆమె అన్నది నిజమే.

అలాగని ప్యాకెట్‌ని కొట్టిపారేయలేం. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. మన వీధి మిషన్‌లో ఆడించిన పిండికి అలాంటి హామీ ఎవరూ ఇవ్వరు. సీలియాక్ ఉన్నవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. ఇక్కడే ఇంకో మోసం ఉంది, జాగ్రత్తగా చూడండి. మిల్లెట్ బిస్కెట్, మల్టీగ్రెయిన్ పిండి, రాగి సేమియా, ఇలా పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, వెనక్కి తిప్పితే చాలావాటిలో మొదటి దినుసే గోధుమో మైదానో ఉంటుంది. గోధుమ ఉంటే ఆ విషయం ప్యాకెట్ మీద రాసి తీరాలి, కాబట్టి వెనక వైపు చదవకుండా కొనొద్దు. పిల్లలకి పాలల్లో కలిపే మాల్ట్ పొడులు కూడా ఎక్కువగా బార్లీతో, గోధుమతో చేసినవే. ఇంట్లో రాగులు మొలకెత్తించి చేసుకునే రాగి మాల్ట్‌కీ వాటికీ సంబంధం లేదు. ఓట్స్ కూడా గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉంటేనే కొనండి, గోధుమ ఆడే చోటే అవీ ఆడతారు, కొందరికి శుద్ధమైన ఓట్స్ కూడా పడవు.

ఇక ఇడ్లీ, దోసె. ఇంట్లో అయితే ఇంత సులువైనది ఇంకోటి లేదు, బియ్యం, మినపప్పు, మెంతులు, రుబ్బి పులియబెడితే అయిపోయింది. సమస్యంతా హోటల్లో. ఇడ్లీ రవ్వ అంటే బియ్యం రవ్వ, ఉప్మా రవ్వ అంటే గోధుమ రవ్వ, పేరులో రవ్వ అని ఉందని రెండూ ఒకటనుకుంటే చిక్కు. రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె, ఉప్మా, సేమియా, పూరీ, మైసూరు బోండా అన్నీ పక్కన పెట్టాల్సినవే. మామూలు దోసెలో కూడా కరకరలాడాలని కొన్ని చోట్ల రవ్వో మైదానో కలుపుతారు. ఒకసారి ఒక హోటల్లో ప్లెయిన్ దోసె తిని రాత్రంతా పడుకోలేదు, మరునాడు పోయి అడిగితే పిండిలో రవ్వ వేస్తామని మామూలుగా చెప్పాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, నేనే ముందు అడగాల్సింది. ఇప్పుడు ఎక్కడికి పోయినా ఇడ్లీ తింటాను, చట్నీతో, సాంబారు వద్దంటాను. పరోటా కాల్చిన పెనం మీదే దోసె వేస్తారు, ఇడ్లీకి ఆ బాధ లేదు.

సాంబారు ఎందుకు వద్దంటే ఇంగువ. ఇది చాలామందికి తెలియదు. దుకాణంలో దొరికే ఇంగువ పొడి చాలావరకు ఉత్త ఇంగువ కాదు, అందులో గోధుమ పిండో మైదానో కలిపి ఉంటుంది. మూడు నెలలు గోధుమ పూర్తిగా మానేశానని నేననుకుంటున్నప్పుడు కూడా పోపులో రోజూ చిటికెడు పడుతూనే ఉంది. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ చూసి తెచ్చుకుంటున్నాను. నా లాంటి వాళ్లకి చిటికెడుతో పెద్దగా ఏమీ కాకపోవచ్చు, సీలియాక్ వాళ్లు మాత్రం ఆ చిటికెడు కూడా తగలకుండా చూసుకోవాలి.

ఇడ్లీ బాగుంది కదా అని పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోసె అనుకుంటే మాత్రం మూడు పూటలా పాలిష్ బియ్యమే కడుపులోకి పోతుంది. పీచు తక్కువ, నాయన లాంటి షుగర్ వాళ్లకి అసలు కుదరదు. అందుకే రాత్రి పూటకి నేను సంగటికి వచ్చేశాను.

సంగటి అంటే మన జిల్లాలో చెప్పక్కర్లేదు. అమ్మ లెక్కలో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల రాగిపిండి. బియ్యం మెత్తగా, పలుకు లేకుండా ఉడికాక పిండిని గుట్టలా పోసి, తెడ్డు కాడతో మధ్యలో బొక్క పెట్టి, మూత వేసి సన్న సెగ మీద వదిలేస్తుంది. ఆ బొక్కలోంచి ఉడుకు పైకి వచ్చి పిండి తడిసి, పచ్చివాసన పోయాక గిన్నెని రెండు కాళ్ల మధ్య పెట్టుకుని కెలుకుతుంది. గడ్డలు లేకుండా కెలకడం నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు. తడిచేత్తో ముద్ద చేసి, చెనక్కాయల ఊరిబిండితోనో పప్పాకుతోనో తింటే చపాతీ గుర్తుకు కూడా రాదు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, గోధుమలో ఇందులో పదో వంతు, ఆ చుట్టుపక్కలే, బియ్యంలో ఇంకా తక్కువ. మన తిరుపతి పక్కనే పెరుమాళ్లపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో రాగి రకాల మీద పని జరుగుతోంది, వకుళ రకం అక్కడిదే. ఇంత దగ్గర పండే తిండిని వదిలేసి నేను ప్యాకెట్ కోసం తిరిగాను.

అయితే సంగటి తింటే షుగర్ పెరగదు అనే మాట నమ్మొద్దు. మెత్తగా ఉడికించిన పిండి, పైగా బియ్యం కలిపింది, పెద్ద ముద్ద రెండు తింటే తప్పకుండా పెరుగుతుంది. నాయనకి చిన్న ముద్ద ఒకటి, పక్కన ఆకుకూర, పప్పు ఎక్కువగా పెడుతున్నాం.

అసలు చిక్కు పిండి మిషన్ దగ్గర. ఒకరోజు రాగులు ఆడించడానికి పోతే, నా ముందు ఆమెది పది కిలోల గోధుమలు. ఆమె డబ్బా తీయగానే నా రాగులు పోశాడు. మూతి దగ్గర కట్టిన గుడ్డలోంచి మొదట తెల్లటి పిండి పడింది, తర్వాత బూడిద రంగు, తర్వాత రాగి రంగు. ఆ తెల్లదంతా గోధుమే కదా. రాగుల్లో గ్లూటెన్ లేదు, నిజమే, కానీ నా డబ్బాలో ఉంది. అప్పటి నుంచి పొద్దున్నే మిషన్ తెరిచే వేళకి పోయి, ముందు ఒక కిలో బియ్యం ఆడించి, ఆ పిండి ఇంట్లో మిగతావాళ్ల మురుకులకి ఇచ్చేసి, తర్వాత నా రాగులు పోయిస్తున్నాను. సెన్సిటివిటీకి ఇది సరిపోతోంది. సీలియాక్ ఉన్నవాళ్లకి నేనైతే ఇది చాలదనే చెబుతాను, వాళ్లు గ్లూటెన్ ఫ్రీ అని రాసిన రాగిపిండి కొనడమే మంచిది, లేదా రాగులు ఏరి కడిగి ఆరబెట్టి ఇంట్లోనే చిన్న మరలో ఆడుకోవాలి.

జొన్న రొట్టె కూడా మంచిదే, వేడినీళ్లతో పిండి తడిపి చేత్తో తట్టాలి, కర్నూలు వైపు వాళ్ల చేతికి వచ్చినంత బాగా మనకి రాదు. మిషన్ జాగ్రత్త దానికీ అదే.

బయటికి పోయినప్పుడు సంగటి కుదరదు, నిజం చెప్పాలంటే ప్యాకెట్ అక్కడే ఉపయోగం. కొండకి పోతే నాకు ఇబ్బంది తక్కువ, లడ్డు శనగపిండితో చేసింది, వడ మినపప్పుది, ఉప్మా ఒక్కటి వద్దంటాను. పెళ్లిళ్లలో ఓళిగ, కజ్జికాయ వదిలేసి అరిసె తీసుకుంటాను.

కాబట్టి నా మాట ఇది. సెన్సిటివిటీ అయితే పొద్దున ఇంటి ఇడ్లీ, రాత్రి సంగటి, ప్యాకెట్ ప్రయాణాలకే. సీలియాక్ అయితే రాత్రి సంగటే, కానీ పిండి మాత్రం ప్యాకెట్‌ది. పోయిన వారం మా అక్క చిత్తూరు నుంచి ఫోన్ చేసి వాళ్ల చిన్నోడికి కూడా చపాతీ తింటే కడుపునొప్పి, బరువు పెరగడం లేదు, రేపటి నుంచి గోధుమ మానిపిస్తాను అనింది. వద్దక్కా, చపాతీ పెడుతూనే ఉండు, ముందు వాడికి రక్తపరీక్ష చేయించు అని చెప్పాను. శనివారం తీసుకుపోతోంది.